యెస్టర్‌డేని బొలేరోగా వాయిస్తుంటే రెండో చరణంలో క్లావే తిరగబడుతోంది, ఎందుకు?

నల్లమెట్టు:

నమస్కారం. బీటిల్స్ పాట యెస్టర్‌డేని (1965) పియానో మీద బొలేరోగా, అంటే క్యూబా నెమ్మది ప్రేమపాటల ధోరణిలో వాయించాలి. పాట వాయించాక కాసేపు సొంతంగా అల్లుకుంటూ పోవాలి. కీ ఎఫ్ మేజర్, టెంపో 80. 61 కీల కీబోర్డు. టచ్ ఉంది, సస్టెయిన్ పెడల్ కూడా ఉంది.

చరణానికి వాడుతున్న కార్డ్స్ ఇవి. నిలువు గీత దగ్గర బార్ మారుతుంది.

ఎఫ్ | ఈ-మైనర్7, ఏ7 | డి-మైనర్ | బి-ఫ్లాట్, సి7 | ఎఫ్ | డి-మైనర్, జి7 | బి-ఫ్లాట్, ఎఫ్

చిక్కులు మూడు.

ఫోన్‌లో క్లావే (క్యూబా సంగీతంలో తిరుగుతూ ఉండే ఐదు దెబ్బల లయ) లూప్ పెట్టుకుని, రెండు దెబ్బల బార్‌తో మొదలుపెడితే మొదటి చరణం చక్కగా కూర్చుంటుంది. రెండో చరణానికి వచ్చేసరికి అంతా ఎదురుతిరుగుతుంది. లెక్క తప్పడం లేదు, బార్లు సరిగ్గానే ఉన్నాయి.

రెండో బార్‌లో ఈ-మైనర్7 బదులు ఈ హాఫ్-డిమినిష్డ్ (ఐదో స్వరం అరడుగు తగ్గిన మైనర్7) వేస్తే ఆ లాటిన్ మైనర్ రంగు వస్తుందని వేశాను. విడిగా బాగుంది, పాటతో కలిపితే గరుకుగా ఉంది.

మూడోది సోలో. ఎఫ్ మేజర్ స్కేల్ మీద వేళ్లు పరిగెత్తడం తప్ప సంగీతంలా ఉండటం లేదు. మాంతూనో (చిన్న కార్డ్స్ వరస మీద తిరుగుతూ ఉండే పియానో అల్లిక) కూడా కలపాలని ఉంది. ఎక్కడ కలపాలో తెలియడం లేదు.

---

తకిటతక:

క్లావే సంగతి ముందు చెబుతాను, మిగతావి దాని మీదే ఆధారపడతాయి.

మీ కార్డ్స్ లెక్కపెట్టండి. చరణం 7 బార్లు. పాప్ పాటల్లో 8 బార్ల చరణం మామూలు, ఈ పాట ప్రత్యేకతే ఆ ఏడు. క్లావే ఆవర్తం మాత్రం రెండు బార్లు, ఒకటి మూడు దెబ్బలది, రెండోది రెండు దెబ్బలది. ఏడును రెండుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. మొదటి చరణం రెండు దెబ్బల బార్ మీద మొదలైతే రెండో చరణం 8వ బార్‌లో, అంటే మూడు దెబ్బల బార్ మీద మొదలవుతుంది. మీ లూప్‌లో తప్పు లేదు, మీ లెక్కలోనూ లేదు. పాట నిర్మాణమే అలాంటిది.

పాట మొత్తం చూస్తే చరణం, చరణం, మధ్య భాగం, చరణం, మధ్య భాగం, చరణం. బార్లలో 7, 7, 8, 7, 8, 7. కూడితే 44. ఒక్కో భాగం మొదలయ్యే బార్ 1, 8, 15, 23, 30, 38. బేసి సంఖ్య మీద మొదలైనవి రెండు దెబ్బల వైపు, సరి సంఖ్య మీద మొదలైనవి మూడు దెబ్బల వైపు పడతాయి. 8, 30, 38 దగ్గర మీకు ఎదురుతిరిగినట్టు అనిపిస్తుంది. ఉపోద్ఘాతంలోని రెండు గిటార్ బార్లు వాయించినా ఈ లెక్క మారదు.

క్యూబా సంగీతంలో ఇలాంటి బేసి భాగం వస్తే క్లావేని ఆపి మళ్లీ మొదలుపెట్టరు. క్లావే తన దారిన పోతూనే ఉంటుంది, పాటే దాని మీద అటూ ఇటూ మారుతుంది. వాళ్లకది అలవాటైన వినికిడి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు, అదీ ఒంటరిగా పియానో వాయిస్తున్నప్పుడు, తికమక తప్పదు.

బయటపడే దారులు మూడున్నాయి.

ఒకటి, 7వ బార్ చివరి ఎఫ్‌ని ఇంకో బార్ సాగదీసి 8 చేయడం. సులువే, కానీ నాకు నచ్చదు. ఆ ఏడు బార్ల వల్లే ప్రతి చరణం కాస్త తొందరగా తిరిగొచ్చినట్టు ఉంటుంది. సాగదీస్తే ఆ లాగుడు పోతుంది.

రెండు, బోసా నోవాకి మారడం. అది బ్రెజిల్‌ది, లెక్క వేరు. బోసాలో కుడిచేతి ప్యాటర్న్‌ని క్లావే అంత కచ్చితంగా పట్టుకోరు కాబట్టి ఏడు బార్లు ఇబ్బంది పెట్టవు. అయితే మీరడిగింది బొలేరో.

మూడోది నేను చెప్పేది. క్లావేని సగానికి కుదించండి. పాటలోని ఒక్కో బార్‌ని రెండు వేగపు బార్లుగా లెక్కపెడితే ఒక పాట బార్‌లో ఒక పూర్తి క్లావే ఇమిడిపోతుంది. 7 పాట బార్లు 14 వేగపు బార్లు. ఎక్కడా మిగులు ఉండదు. మీ 80 టెంపో వేగపు లెక్కలో 160 అవుతుంది, మాంతూనో నేర్చుకోవడానికి అనువైన నడక. రికార్డింగ్ నడిచే సుమారు 97లో వాయిస్తే 194 అవుతుంది. అదీ సల్సా వేగాల్లోదే, కానీ ముందు 160లో స్థిరపడండి.

క్లావేని నోటితో పట్టుకోవడానికి మనకు సొల్లుకట్టు ఉంది. 16 మాత్రల్లో సోన్ (క్యూబా పాటల శైలి) క్లావే, మూడు దెబ్బల వైపు నుంచి:

తకిట తకిట తకధిమి తక తకధిమి

ప్రతి మాట మొదటి అక్షరం మీద ఒక దెబ్బ. 3, 3, 4, 2, 4, మొత్తం 16. రెండు దెబ్బల వైపు నుంచి మొదలుపెట్టాలంటే మొదటి రెండు మాత్రలు ఖాళీగా వదిలి 'తక తకధిమి' అని, తర్వాత 'తకిట తకిట తక' అనండి. చివరి 'తక' తర్వాత మళ్లీ ఆ రెండు మాత్రల ఖాళీ వస్తుంది. కాలితో నాలుగు మాత్రలకొకసారి తడుతూ చెప్పాలి. కాలు, నోరు కలవకుండా చేతులు కీబోర్డు మీద పెట్టవద్దు.

ఇంకొక్క మాట. పాట వాయించే భాగంలో లూప్ ఆపేయండి. బొలేరోలో నడకని మోసేది బాస్, బొంగో, మరకాస్. అక్కడ క్లావే గట్టిగా వినబడాల్సిన పనిలేదు. మాంతూనో వచ్చినప్పుడే లూప్ పెట్టుకోండి.

---

ఎడమచేతివాటం:

తకిటతక గారు చెప్పిన చివరి మాట ముఖ్యం. బొలేరో భాగాన్ని ఎడమచెయ్యే నడిపించాలి.

బొలేరో ఎడమచేతి నడక: 1 మీద రెండు బీట్ల పొడవు, తర్వాత 3 మీద ఒకటి, 4 మీద ఒకటి. పొడవు, పొట్టి, పొట్టి. రెండో బీట్ మీద ఏమీ వాయించవద్దు. ఆ ఖాళీయే బొలేరో. చాలామంది అక్కడ చెయ్యి ఊరుకోలేక ఒక స్వరం వేస్తారు, వెంటనే అది మామూలు పాప్ బల్లాడ్ అయిపోతుంది.

ఒక బార్‌లో రెండు కార్డ్స్ ఉంటే 1 మీద మొదటి దాని మూలస్వరం, 3 మీద రెండో దాని మూలస్వరం. 4వ బీట్ స్వరం తర్వాతి బార్‌కి దారి తీయాలి. ఈ పాటకు వరసగా:

1వ బార్: ఎఫ్, సి, ఎఫ్
2వ బార్: ఈ, ఏ, సి-షార్ప్
3వ బార్: డి, ఏ, సి
4వ బార్: బి-ఫ్లాట్, సి, ఈ
5వ బార్: ఎఫ్, సి, ఈ
6వ బార్: డి, జి, ఏ
7వ బార్: బి-ఫ్లాట్, ఎఫ్, ఎఫ్

ప్రతి బార్ నాలుగో బీట్ నుంచి తర్వాతి బార్ ఒకటో బీట్‌కి చూడండి. ఎఫ్ నుంచి ఈ, సి-షార్ప్ నుంచి డి, సి నుంచి బి-ఫ్లాట్, ఈ నుంచి ఎఫ్, ఈ నుంచి డి, ఏ నుంచి బి-ఫ్లాట్. అన్నీ పక్కపక్క అడుగులే. చివరి ఎఫ్ మాత్రం తర్వాతి చరణం మొదటి ఎఫ్‌కి అక్కడే నిలబడుతుంది. ఇది వంటబడితే కుడిచేత్తో ఏం వాయించినా పాట ముందుకు పోతూనే ఉంటుంది.

61 కీల మీద కింది సి నుంచి మొదలవుతుంది కాబట్టి ఈ స్వరాలన్నీ అందుతాయి. మిడిల్ సికి ఒక ఆక్టేవ్ కింద ఉన్న సి చుట్టూ ఉంచండి. మరీ కింద వాయిస్తే చిన్న స్పీకర్లలో బాస్ బురదలా వినిపిస్తుంది.

ఇక కుడి బొటనవేలు. పాట స్వరాలు చిటికెనవేలు, ఉంగరపువేళ్ల మీద ఉంటే బొటనవేలు ఖాళీ. దానికీ ఒక గీత ఉంది:

సి | డి, సి-షార్ప్ | సి | బి-ఫ్లాట్, బి-ఫ్లాట్ | ఏ | ఏ, బి | బి-ఫ్లాట్, ఏ

అన్నీ మిడిల్ సి చుట్టుపక్కలే. ఏ స్వరమూ కార్డ్ బయటిది కాదు. ఈ-మైనర్7లో డి, ఏ7లో సి-షార్ప్, డి-మైనర్‌ని డి-మైనర్7గా వాయిస్తే దానిలో సి, సి7లో బి-ఫ్లాట్, ఎఫ్‌లో ఏ. డి నుంచి అరడుగుతో మొదలై ఏ దాకా మెల్లగా దిగుతుంది. ఆఖర్లో ఏ, బి, బి-ఫ్లాట్, ఏ అని చిన్న మెలిక. ఎడమచెయ్యి, ఈ బొటనవేలి గీత, ఈ రెండే కలిపి పాట లేకుండా వాయించి చూడండి. పాట వినిపిస్తున్నట్టే ఉంటుంది. పాడే స్వరాన్ని తర్వాత దాని మీద పెట్టండి.

పెడల్: 1 మీద నొక్కి 3 మీద మార్చాలి, ఒకే కార్డ్ ఉన్న బార్‌లో కూడా. 4వ బీట్ మీద సి-షార్ప్ వంటి దారి స్వరం ఉన్న చోట ఇంకోసారి తేలిగ్గా ఎత్తండి. పెడల్ మార్చడమంటే కొత్త బాస్ స్వరం మోగిన క్షణాన కాలు ఎత్తి వెంటనే మళ్లీ నొక్కడం. ముందే ఎత్తితే మధ్యలో గుంట పడుతుంది. మీ కీబోర్డు 32 స్వరాల పాలిఫొనీదైతే, పెడల్ తొక్కి పొడవాటి ఆర్పేజియో (కార్డ్ స్వరాలు ఒక్కొక్కటిగా) వాయించినప్పుడు కింది బాస్ మధ్యలో మాయం కావచ్చు. పెడల్ పాడైందనుకోకండి, వాద్యం ఒకేసారి అన్ని స్వరాలు మోయలేక పాతవాటిని వదిలేస్తుంది.

ఆటో అకంపనిమెంట్‌లో బొలేరో స్టైల్ ఉన్నా వాడవద్దు. దాని బాస్, మీ ఎడమచెయ్యి ఒకదానికొకటి అడ్డం వస్తాయి. పైగా ఆ స్టైల్ రెండు బార్ల ప్యాటర్న్ అయితే ఏడు బార్ల చరణానికి అదీ మీ క్లావే లూప్‌లాగే తిరగబడుతుంది.

---

స్వరజతి:

రెండో ప్రశ్నకు వస్తాను. గరుకుకి కారణం ఒకే ఒక్క స్వరం.

రెండో బార్‌లో పాట ఏ, బి, సి-షార్ప్, డి, ఈ, ఎఫ్ అని పైకెక్కుతుంది. డిని షడ్జం అనుకుంటే ప, చతుశ్రుతి ద, కాకలి ని, స, చతుశ్రుతి రి, సాధారణ గ. గౌరీమనోహరి రాగం స్వరాలు. మీరు వేసిన ఈ హాఫ్-డిమినిష్డ్‌లో బి-ఫ్లాట్ ఉంది, అంటే శుద్ధ ధైవతం. పైన చతుశ్రుతి, కింద శుద్ధ. రెండు ధైవతాలు ఒకేసారి మోగితే గరుకుగా ఉండక ఏమవుతుంది? అందుకే అసలు కార్డ్ ఈ-మైనర్7, దానిలో బి సహజంగానే ఉంది.

అయితే మీ ఊహ వృథా కాదు. పాట స్వరం లేనప్పుడు, అంటే సోలోలో, అదే హాఫ్-డిమినిష్డ్ అందంగా ఉంటుంది. అప్పుడు గౌరీమనోహరి వదిలి కీరవాణికి మారండి. అంటే బి బదులు బి-ఫ్లాట్. ఏ7 మీద నిలబడి చూస్తే అవే స్వరాలు వకుళాభరణం. బొలేరో పియానోలో మైనర్‌కి దిగే ముందు వినిపించే ఆ బరువు ఇక్కడిదే. కాబట్టి సూత్రం: పాట వాయిస్తున్నప్పుడు బి, సోలోలో బి-ఫ్లాట్. ఒకే బార్‌లో రెండూ వద్దు.

ఇదే సోలో ప్రశ్నకూ సగం జవాబు. మీరు ఎఫ్ మేజర్ ఒక్కటే పట్టుకున్నారు. ఎఫ్ శంకరాభరణంలో ఉన్నది బి-ఫ్లాట్. ఈ పాటలో బి ఎలా మారుతోందో చూడండి. రెండో బార్‌లో బి, నాలుగులో బి-ఫ్లాట్, ఆరులో జి7 వల్ల మళ్లీ బి, ఏడులో బి-ఫ్లాట్. పాట రుచంతా ఈ మారే స్వరం దగ్గరే ఉంది. ఆరో బార్‌లో కూడా బి-ఫ్లాట్ వాయిస్తే జి7 మైనర్‌లా మసకబారుతుంది, వెలుగు పోతుంది. అక్కడ డి నుంచి ఖరహరప్రియ అనుకుంటే చాలు, బి దానంతటదే వస్తుంది.

సోలోని ఇలా కట్టండి.

మొదటి సారి కొత్త స్వరాలేమీ వద్దు. పాట స్వరాలనే కాలంలో జరపండి. పాట మొదటి మూడు స్వరాలు జి, ఎఫ్, ఎఫ్. బార్ 1 మీద మొదలయ్యే వీటిని ముందు బార్‌లోకి లాగండి. 4 మీద జి, నాలుగున్నర (నాలుగో బీట్ సగం) మీద ఎఫ్, ఆ ఎఫ్‌ని బార్ గీత దాటించి పట్టుకోండి. మూడో స్వరం రెండున్నర మీద. అంతే, అవే స్వరాలు లాటిన్ అయిపోయాయి. ఎడమచెయ్యి మాత్రం 1 మీద కదలకుండా ఉండాలి. కుడిచెయ్యి ముందుకు జరిగితే ఎడమదీ దానితో పోవడం అందరికీ జరిగేదే. అలా పోతే వినేవాళ్లకు ముందుకు జరిపినట్టు తెలియదు, తాళం తప్పినట్టు తెలుస్తుంది.

రెండో సారి ప్రతి కార్డ్‌కి ఒక గమ్యస్వరం పెట్టుకుని దానికి చేరండి. ఏ7కి సి-షార్ప్, డి-మైనర్‌కి ఎఫ్, సి7కి ఈ, జి7కి బి. గమ్యానికి ముందు రెండు మూడు స్వరాలు చాలు. గమ్యం చేరాక ఆగండి. స్కేల్ పరుగులా వినిపించడానికి అసలు కారణం ఆగకపోవడమే.

మూడో సారి లయతో అల్లండి. 3, 3, 2 గుంపులుగా ఆర్పేజియో, అంటే తకిట తకిట తక. లేదా పాత బొలేరోల్లో, దాన్సోన్ అనే క్యూబా నాట్య సంగీతంలో ఉండే సింకీయో అనే లయ: తక త తక త తక. ఐదు దెబ్బలు, ఎనిమిది మాత్రలు. సింకీయోని బార్ మొదటి సగంలో వాయించి రెండో సగం నిలకడగా వదిలితే బాగుంటుంది. రెండు సగాల్లోనూ వేస్తే కవాతులా ఉంటుంది.

పాట మధ్యలో ఖాళీ ఎక్కువగా ఉండేది 1, 7 బార్లలో. అక్కడ వేయడానికి ఒకటి చెబుతాను. 1వ బార్ మూడో బీట్ మీద ట్రిప్లెట్‌గా ఆరో అంతరాల జంటలు: సి-ఏ, డి-బిఫ్లాట్, ఈ-సి. నాలుగో బీట్ మీద ఎఫ్-డి నిలపండి. తర్వాతి బార్ 1 మీద జి-ఈ. మొదటి సి మిడిల్ సియే. జి-ఈ రెండూ ఈ-మైనర్7లోవే కాబట్టి దిగిన చోటు గట్టిగా ఉంటుంది. పాట తర్వాతి స్వరం ఏ, చేతి కిందే ఉంటుంది. వేళ్లు 1-5 ఒకే పట్టుతో జరపండి, మణికట్టు వదులుగా ఉంచండి. ఈ జంటలని పాటకంటే మెత్తగా వాయించాలి. అందుకే టచ్ ఉన్న కీబోర్డు కావాలి.

వినడానికి క్యూబా పియానో కళాకారులు రూబెన్ గొన్సాలెస్, బెబో వాల్దెస్. ఇద్దరూ గాయకుడు ఊపిరి తీసుకునే చోటే ఎలా దూరుతారో, స్వరం మొదలవగానే ఎలా తప్పుకుంటారో గమనించండి.

---

నల్లమెట్టు:

బొటనవేలి గీత, ఎడమచెయ్యి కలిపితే నిజంగానే పాట వినిపిస్తోంది. రెండు ధైవతాల మాటతో గరుకు సంగతి తేలిపోయింది.

ఇక మాంతూనో. చరణం మొత్తం మీద వేయాలా, ఒక ముక్క మీదా? రెండున్నర, నాలుగున్నర లెక్కలో స్వరాలతో సహా చెబితే మేలు. గిటార్‌వాళ్లు పెట్టిన కార్డ్స్ చూస్తే అన్నీ జిలో ఉన్నాయి, అదెందుకో కూడా చెప్పండి.

---

ఎడమచేతివాటం:

గిటార్ సంగతి చిన్నది. ఆ రికార్డింగ్‌లో గిటార్‌ని ఒక స్వరం కిందికి శ్రుతి చేశారు. చేతి ఆకారాలు జివి, వినిపించేది ఎఫ్. గిటార్‌వాళ్లు ఆకారాలు రాసుకున్నారు, మీరు వినిపించేదే వాయించండి.

---

తకిటతక:

మాంతూనో చరణమంతా వద్దు. సోన్‌లోనూ బొలేరో-సోన్‌లోనూ ముందు పాట, ఆ తర్వాత చిన్న వరస తిరుగుతూ ఉండే మాంతూనో భాగం వస్తాయి. ఆ పద్ధతే పాటించండి. కార్డ్స్ ఎక్కడివి అంటే ఈ పాటలోనే సిద్ధంగా ఉన్నాయి. చివరి రెండు బార్లు: డి-మైనర్, జి7, బి-ఫ్లాట్, ఎఫ్. ఒక్కోటి సగం బార్. వేగపు లెక్కలో ఒక్కోటి ఒక పూర్తి బార్. నాలుగు బార్లు, రెండు క్లావేలు. అతుకు కనబడదు.

కుడిచెయ్యి పట్టులు:

డి-మైనర్: బయట డి ఆక్టేవ్, లోపల ఎఫ్-ఏ
జి7: బయట డి ఆక్టేవ్, లోపల ఎఫ్-బి
బి-ఫ్లాట్: బయట డి ఆక్టేవ్, లోపల ఎఫ్-బిఫ్లాట్
ఎఫ్: బయట సి ఆక్టేవ్, లోపల ఎఫ్-ఏ

మూడు కార్డ్స్ దాకా డి కదలదు, ఎఫ్ అసలే కదలదు. కదిలేది ఏ, బి, బి-ఫ్లాట్, ఏ. ఎడమచేతివాటం గారి బొటనవేలి గీత చివరి మెలిక ఇదే. ఆక్టేవ్ 1-5 వేళ్లు, లోపలి జంట 2-4 వేళ్లు. ఆక్టేవ్, లోపలి జంట ఎప్పుడూ కలిపి కాదు, ఒకదాని తర్వాత ఒకటి.

లయ, రెండు దెబ్బల వైపు నుంచి:

మొదటి బార్: 1 ఆక్టేవ్, 2 లోపల, రెండున్నర ఆక్టేవ్, మూడున్నర లోపల, నాలుగున్నర ఆక్టేవ్.
రెండో బార్: ఒకటిన్నర లోపల, రెండున్నర ఆక్టేవ్, మూడున్నర లోపల, నాలుగున్నర ఆక్టేవ్.

నోటితో తక త తక తక తక తక తక తక త. తొమ్మిది దెబ్బలు, 16 మాత్రలు. నేల మీద పడేవి మొదటి బార్‌లోని 1, 2 మాత్రమే. మిగతా ఏడూ గాల్లోవే. మళ్లీ 1కి వచ్చినప్పుడు నాలుగున్నర, 1 రెండూ ఆక్టేవ్‌లే అవుతాయి, అది సరైనదే. నాలుగున్నర మీది ఆక్టేవ్ తర్వాతి కార్డ్‌ది. కాబట్టి బి-ఫ్లాట్ బార్ నాలుగున్నర మీదే సికి వచ్చేయాలి. ఎఫ్ బార్ నాలుగున్నర మీద మళ్లీ డికి.

ఎడమచెయ్యి తుంబావో, అంటే క్యూబా బాస్ నడక. ప్రతి బార్‌లో రెండే దెబ్బలు, రెండున్నర మీద, 4 మీద. 4 మీది స్వరం తర్వాతి బార్ కార్డ్ మూలస్వరం, 1 దాటి మోగుతూ ఉంటుంది. 1 మీద ఏమీ వాయించరు.

డి-మైనర్ బార్: ఏ, జి
జి7 బార్: డి, బి-ఫ్లాట్
బి-ఫ్లాట్ బార్: ఎఫ్, ఎఫ్
ఎఫ్ బార్: సి, డి

ఎక్కువగా చెడేది ఇక్కడే. ఎడమచెయ్యి 4 మీద కొత్త మూలస్వరం వేశాక 1 మీద మళ్లీ వేయాలనిపిస్తుంది. వేస్తే ముందుకు లాగిన ఊపంతా చచ్చిపోతుంది. దీనికి మందు కాలు. కుడి పాదాన్ని పెడల్ మీద నుంచి తీసేసి 1, 3 మీద నేలకు తట్టండి. 1 కాలికి దొరికితే చెయ్యి ఊరుకుంటుంది. పెడల్ ఎలాగూ ఇక్కడ వద్దు. తొక్కితే గాల్లో పడే దెబ్బల అంచులన్నీ కలిసిపోయి ఏది ఎక్కడ పడిందో వినబడదు.

సాధన వరస: 100 వేగపు బీట్లతో ఎడమచెయ్యి ఒక్కటే, నోటితో క్లావే. తర్వాత కుడిచెయ్యి ఒక్కటే, నోటితో క్లావే. ఆ తర్వాతే రెండు చేతులు. తప్పు లేకుండా 16 సార్లు తిరిగితే 5 పెంచండి. 160 దాకా ఇలాగే. రెండు చేతులు కలిపినప్పుడు కుదరకపోతే కలిసే చోటు పట్టుకోండి. రెండూ కలిసేది రెండున్నర మీద మాత్రమే, అదీ ప్రతి బార్‌లో. 4 మీద ఎడమచెయ్యి ఒంటరి, నాలుగున్నర మీద కుడిచెయ్యి ఒంటరి.

కీబోర్డులో స్ప్లిట్ పెట్టి ఎడమవైపు బాస్ స్వరం ఎంచుకుంటే తుంబావో బాగుంటుంది. కానీ కుడిచేతి ఆక్టేవ్ కింది డి స్ప్లిట్ గీత దాటకుండా చూసుకోండి. దాటితే మాంతూనో సగం బాస్‌లో మోగుతుంది.

---

స్వరజతి:

ఒక చేర్పు. బొలేరో నుంచి మాంతూనోలోకి దూకేటప్పుడు అసలు టెంపో మారదు, లెక్కపెట్టే తీరే మారుతుంది. చివరి చరణం 7వ బార్‌లో ఎఫ్ పట్టుకుని, దాని మీద కుడిచేత్తో ఒక్క క్లావే వాయించండి. 3వ బీట్ నుంచి కాదు, ఒక పూర్తి అదనపు బార్‌లో. తర్వాత ఎడమచెయ్యి తుంబావో ఒక్కటే రెండు సార్లు తిరగాలి. ఆ తర్వాత మాంతూనో. మూడూ ఒకేసారి మొదలుపెడితే వేగం పెరిగిపోతుంది. దాదాపు ప్రతిసారీ పెరుగుతుంది, ఎందుకంటే చేతులు 160ని విడిగా కొత్త టెంపో అనుకుంటాయి. మెట్రోనోమ్‌ని 80లోనే ఉంచి వాయిస్తే ఇది తగ్గుతుంది.

సోలో ఈ మాంతూనో మీద కూడా పోవచ్చు. అప్పుడు కుడిచెయ్యి మాంతూనో వదిలేస్తుంది, ఎడమచెయ్యి ఒక్కటే మిగులుతుంది. ఎడమచెయ్యి అలవాటు కాకముందే అది చేయవద్దు. అంతవరకూ మాంతూనో నాలుగు సార్లు, చిన్న సోలో మాట రెండు సార్లు, మళ్లీ మాంతూనో అని మార్చుకోండి. జి7 బార్‌లో బి మాత్రం మరవొద్దు.

---

నల్లమెట్టు:

100లో రెండు చేతులు కలిశాయి, రెండున్నర మీద కలుస్తాయన్న మాటే పట్టుకున్నాను. 120 దగ్గర ఎడమచెయ్యి 1 మీదికి జారుతోంది. ఇంకో ప్రశ్న. మాంతూనో నుంచి బయటికి ఎలా రావాలి? మెల్లగా తగ్గిస్తూ పోతే బాగోలేదు.

---

తకిటతక:

120లో జారుతుంటే 110కి దిగి, 4 మీది స్వరాన్ని తర్వాతి బార్ 2 దాకా నొక్కి పట్టుకోండి. కీ కిందే ఉంటే చెయ్యి 1 మీద మళ్లీ కొట్టలేదు.

ముగింపుకి తగ్గించుకుంటూ పోకండి, తెగ్గొట్టండి. వరసలో నాలుగో బార్, అంటే ఎఫ్ బార్, మూడు దెబ్బల వైపు పడుతుంది. ఆఖరి తిరుగులో ఆ బార్‌లో మాంతూనో, తుంబావో రెండూ ఆపి, రెండు చేతులతో కలిపి మూడు దెబ్బలే: 1, రెండున్నర, 4. మూడింటికీ ఎఫ్ కార్డే. ఎడమచేత్తో ఎఫ్ ఆక్టేవ్, కుడిచేత్తో సి, ఎఫ్, ఏ, సి. పొట్టిగా, పెడల్ లేకుండా. ముందు బార్ 4 మీద ఎఫ్ ఎలాగూ వేశారు కాబట్టి 1 మీద మళ్లీ వేయడం ఈ ఒక్కచోట సరైనదే.

తర్వాత రెండు పాట బార్ల నిశ్శబ్దం. 80లో అది 6 సెకన్లు, చాలా పొడవు అనిపిస్తుంది, అయినా లెక్కపెట్టండి. అప్పుడు పెడల్ తొక్కి, పాట చివరి మాట స్వరాలు ఎఫ్, ఏ, ఏ ఒంటరిగా, తాళం లేకుండా. కింద బి-ఫ్లాట్, దాని తర్వాత ఎఫ్. ఎడమచెయ్యి ఈసారి రెండున్నర మీద కూడా వద్దు.